పంచనామాలో లేని పిల్లలు

రెండు మూడేళ్ల కిందటి మాట. వానాకాలం. పటాన్‌చెరు దగ్గర జరిగిన మా నెలవారీ సమావేశానికి ఒక అంగన్‌వాడీ టీచరు వచ్చింది. అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, చాపలు చుడుతున్న నా పక్కన వచ్చి కూర్చుంది. "అక్కా, ఒక సంగతి అడుగుత. ఎవ్వరికి చెప్పాల్నో తెలుస్తలేదు" అంది.

ఆమె సెంటరుకు వచ్చే నాలుగేళ్ల పాప గురించి ఆమె బాధ. వేరే రాష్ట్రం నుంచి వచ్చి అద్దెకుంటున్న కుటుంబం. పాప బట్టలు ఎన్నిసార్లు ఉతికినా ఘాటువాసన పోవడం లేదు. అరచేతుల మీద తోలు లేచిపోతోంది. పొద్దున తొమ్మిదింటికే కూర్చున్నచోట తూగుతోంది. టీచరు ఇంటికి వెళ్లి చూస్తే కిటికీలకు గోనెసంచులు కట్టి ఉన్నాయి. వసారాలో నీలం డ్రమ్ములు. తండ్రిని అడిగితే కంపెనీ పని ఇంటికి తెచ్చుకున్నానన్నాడు. తల్లి గడప దాటి మాట్లాడలేదు.

టీచరు నన్ను మూడు ప్రశ్నలడిగింది. "ఎవరికి చెప్పాలె? చెప్తే నా పేరు బయటికొస్తదా? ఆ తల్లిని ఏం జేస్తరు?"

నేనేమన్నాను? "ఆధారం లేకుండా ఎట్లా చెప్తాం, ఇంకొన్నాళ్లు చూడు" అన్నాను. మనసొప్పక ఒక ఆఫీసుకు ఫోను చేశాను. "మత్తుమందు సంగతైతే ఇక్కడ కాదు. పిల్ల సంగతైతే పిల్లను తీసుకురండి" అన్నారు. రెండువారాల తర్వాత ఆ ఇంటికి తాళం పడింది. రాత్రికి రాత్రే ఖాళీ చేశారట. ఆ ఇంట్లో ఏం తయారైందో నాకు ఈనాటికీ తెలియదు. మాదకద్రవ్యం కావచ్చు, కాకపోవచ్చు. పాప ఏమైందో కూడా తెలియదు. ఇన్నేళ్లుగా హక్కుల గురించి ఉపన్యాసాలిస్తున్న నా దగ్గర ఆ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేకపోయింది. ఈ సంపాదకీయం ఆ జవాబుల కోసం రాస్తున్నదే.

ఇదేదో ఎక్కడో ఒకచోట జరిగే వింత అని కొట్టిపారేయడానికి వీల్లేదు. సంగారెడ్డి, పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం ప్రాంతమంతా మందుల, రసాయనాల కర్మాగారాలమయం. రసాయనాలు దొరుకుతాయి, వాటితో పనిచేయడం తెలిసిన చేతులు దొరుకుతాయి, అడ్రసు అడగకుండా అద్దెకిచ్చే గదులు దొరుకుతాయి. నక్కవాగు రంగు మారిన కాలం నుంచీ ఇక్కడి జనం ఘాటువాసనకు ఎంత అలవాటుపడ్డారంటే, పక్కింట్లోంచి వాసన వస్తే ఏ కంపెనీవాళ్లో వదిలారనుకుంటారు తప్ప అనుమానించరు. 2024 మార్చిలో ఐ.డి.ఎ. బొల్లారంలోని ఒక యూనిట్‌లో ఔషధ నియంత్రణ అధికారులు దాదాపు 90 కిలోల మత్తుపదార్థాన్ని పట్టుకున్నారు. 2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ పాత బోయినపల్లిలో బయటపడిన సంగతి మరీ ఘోరం. ఒక ప్రైవేటు బడి నడుస్తున్న భవనంలోనే ఆల్ప్రజోలం తయారుచేస్తున్నారు. కొన్ని గదుల్లో పిల్లలు పాఠాలు వల్లెవేస్తుంటే మరికొన్ని గదుల్లో మత్తుమందు తయారవుతోంది!

ఈ ఆల్ప్రజోలం ఎక్కడికి పోతుందో మన స్త్రీలకు చెప్పనక్కరలేదు. ఆందోళన తగ్గడానికి డాక్టర్లు రాసే ఆ మందును దొంగతనంగా తయారుచేసి కల్లులో కలుపుతారు. 2015లో కల్తీకల్లు మీద ప్రభుత్వం కట్టడి పెట్టినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, పిచ్చిపట్టినట్టు అరుస్తూ ఆసుపత్రుల్లో చేరారు. వారిలో పొద్దంతా కూలిచేసి ఒళ్లునొప్పులకు గ్లాసెడు కల్లు తాగే ఆడవాళ్లూ ఉన్నారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. తాగినవాళ్ల గురించి అప్పుడప్పుడయినా వార్తలొస్తాయి. ఆ మందు వండిన ఇంట్లో పెరిగే పిల్లల గురించి మాత్రం ఎవరూ రాయరు.

నేల మీద పాకే, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే, పెద్దవాళ్లకన్నా వేగంగా ఊపిరి తీసే పసివాళ్లకు ఆమ్లాల ఆవిరి, ద్రావకాల వాసన ఎంత చేటు చేస్తాయో వేరే చెప్పాలా? లైసెన్సులూ ఇన్‌స్పెక్టర్లూ ఉన్న పాశమైలారంలోనే 2025 జూన్ 30న ఒక కర్మాగారంలో పేలుడు జరిగి యాభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఏ లైసెన్సూ లేని ఇంట్లో, వంటగదికీ డ్రమ్ములకూ మధ్య ఒక్క గోడ కూడా లేనిచోట నిద్రపోయే పిల్లలకు రక్షణ ఏది?

పోలీసు దాడులు జరిగిన మర్నాడు పత్రికలు చూడండి. ఇన్ని కిలోలు పట్టుకున్నాం, విలువ ఇన్ని కోట్లు, ఇంతమంది అరెస్టు అని ఉంటుంది. డ్రమ్ములు, పొడి ప్యాకెట్లు, తూకం మిషను, సెల్‌ఫోన్లు అన్నీ పంచనామాకెక్కుతాయి. ఆ ఇంట్లో పిల్లలెందరు? వాళ్లను డాక్టరుకు చూపించారా? ఆ రాత్రి వాళ్లెక్కడ పడుకున్నారు? ఆ వార్తల్లో ఈ ప్రశ్నలకు జవాబులు కనపడవు.

చట్టాలేమంటున్నాయో చూద్దాం. పిల్లలపై నేరం జరిగిందని అనుమానమొస్తే చెప్పితీరాలని ఖచ్చితంగా నిర్దేశించే చట్టం మనకు ఉంది. అది 2012 నాటి పోక్సో చట్టం. దాని 19వ సెక్షన్ ప్రకారం ఎవరికి తెలిసినా, అనుమానమున్నా పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరునెలల దాకా జైలు, సంస్థను నడిపేవారైతే ఏడాది దాకా జైలు. సదుద్దేశంతో చెప్పినవారిపై ఏ కేసూ ఉండదని కూడా అందులోనే రాశారు. అయితే అది లైంగిక నేరాలకు మాత్రమే. రసాయనాల మధ్య తూగుతున్న నాలుగేళ్ల పాప దాని పరిధిలోకి రాదు.

2015 నాటి బాలల న్యాయచట్టంలో 32వ సెక్షన్ ఉంది. తప్పిపోయిన, వదిలేసిన, అనాథగా కనిపించే బిడ్డ తన చేతికి వస్తే 24 గంటల్లోగా తెలియజేయాలి, లేకపోతే శిక్ష అంటుంది. మన పాపకు తల్లీ తండ్రీ ఉన్నారు కాబట్టి అదీ వర్తించదు. ఇక 31వ సెక్షన్ రక్షణ అవసరమైన బిడ్డను బాలల సంక్షేమ సమితి ముందుకు ఎవరెవరు తీసుకురావచ్చో చెబుతుంది. ప్రభుత్వోద్యోగి, నర్సు, డాక్టరు, సామాజిక కార్యకర్త, మంచి మనసున్న పౌరుడు ఎవరైనా తీసుకురావచ్చు. "వచ్చు" అంటుందే తప్ప "తీరాలి" అనదు. ఆ ఆఫీసువాళ్లు నాతో "పిల్లను తీసుకురండి" అన్నది ఈ "వచ్చు" ధైర్యంతోనే. ఇంట్లో తల్లిదండ్రుల దగ్గరున్న బిడ్డను ఒక అంగన్‌వాడీ టీచరు చంకనేసుకుని జిల్లాకేంద్రానికి ఎట్లా తీసుకువస్తుంది?

అదే చట్టంలో 77వ సెక్షన్ బిడ్డకు మత్తుపదార్థం ఇచ్చినవారికీ, 78వ సెక్షన్ మత్తుపదార్థాల అమ్మకానికి, మోతకు, సరఫరాకు, దొంగరవాణాకు బిడ్డను వాడుకున్నవారికీ ఏడేళ్ల దాకా శిక్ష చెబుతున్నాయి. తయారీ అనే మాట మాత్రం 78లో లేదు! బిడ్డతో ప్యాకెట్టు మోయిస్తే నేరం, డ్రమ్ము పక్కన పడుకోబెడితే ఈ సెక్షన్ నోరు మెదపదు. అప్పుడు బిడ్డను బాధకు గురిచేయడం, నిర్లక్ష్యం చేయడం గురించిన 75వ సెక్షనే దిక్కు. పైగా 2021లో చేసిన సవరణ 2022 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక 77, 78 వంటి నేరాల్లో మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి వీల్లేకుండా పోయింది. ఇంతకుముందు నేరుగా కేసు పెట్టగలిగేవారు. పిల్లల రక్షణ చట్టాన్ని మెరుగుపరుస్తున్నామంటూ చేసిన పని ఇది.

నేరాల సమాచారం చెప్పడం పౌరుల బాధ్యత అని పాత నేరవిచారణ స్మృతి 39వ సెక్షన్, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 33వ సెక్షన్ అంటున్నాయి. ఆ జాబితాలో హత్య ఉంది, ఆహారపానీయాల కల్తీ ఉంది. పిల్లల పట్ల క్రూరత్వం పేరుపెట్టి లేదు, మాదకద్రవ్యాల చట్టం కూడా పేరుపెట్టి లేదు. కల్తీ అయిన కల్లు గురించి చెప్పడం బాధ్యత, ఆ కల్తీసరుకు పక్కన పెరిగే బిడ్డ గురించి చెప్పడం దయాధర్మం అన్నమాట.

అట్లాగని చేతులు ముడుచుకోనక్కరలేదు. మాదకద్రవ్యాల చట్టం కింద నేరాలన్నిటిలోనూ పోలీసులు నేరుగా కేసు పెట్టవచ్చు. ఒక కేసులో అలాంటి నేరం ఒక్కటున్నా దానితో కలిసిన మిగతా నేరాలను కూడా అదే విధంగా దర్యాప్తు చేయవచ్చని కొత్త సంహిత 174వ సెక్షన్ చెబుతోంది. అంటే మత్తుమందు కేసు కట్టే పోలీసులు అదే ఎఫ్.ఐ.ఆర్.లో బాలల న్యాయచట్టం సెక్షన్లనూ చేర్చవచ్చు. అడ్డంకి ఏమీ లేదు. శిక్ష పెంచడానికి కోర్టు చూడదగ్గ కారణాల్లో పిల్లలపై ఆ నేర ప్రభావం కూడా ఒకటని మాదకద్రవ్యాల చట్టం 32-బి సెక్షన్ స్వయంగా అంటోంది. అయినా చేర్చకపోతే ఎందుకు చేర్చలేదని అడగవలసింది మనమే.

ఇక టీచరు మూడో ప్రశ్నకు వద్దాం. ఆ తల్లిని ఏం చేస్తారు? స్త్రీల సంఘంగా మనం తప్పించుకోకూడని ప్రశ్న ఇది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కఠినమైనది. ఆల్ప్రజోలం నూరు గ్రాములుంటే చాలు, వ్యాపార పరిమాణం కింద లెక్క. పదేళ్లకు తక్కువ కాని శిక్ష, బెయిలు దుర్లభం. 25వ సెక్షన్ ప్రకారం ఇంటిని ఆ పనికి వాడుతున్నారని తెలిసి ఒప్పుకున్న యజమాని గానీ, అందులో ఉండేవారు గానీ అదే శిక్షకు గురవుతారు. తెలియదని నిరూపించుకోవలసిన భారం 35వ సెక్షన్ ముద్దాయి మీదే పెట్టింది. భర్త చాటుగా బతికే ఆడది, ఊరుగాని ఊర్లో, భాషగాని భాషలో, "నాకు తెలియదు" అని ఎట్లా నిరూపించుకుంటుంది? పోనీ తెలిసి బిడ్డకోసం బయటపెడితే, ఇన్నాళ్లు తెలిసి ఊరుకున్నట్టు తానే ఒప్పుకున్నట్టవుతుంది. అంటే బిడ్డకు అందరికన్నా దగ్గరగా ఉన్న మనిషి నోరే చట్టం ముందుగా నొక్కుతోంది. పని చేసే మొగుడూ, గదిలో ఉన్న పెళ్లామూ జైలుకు పోతారు. పెట్టుబడి పెట్టి సరుకు కల్లు డిపోలకు చేర్చేవాడు మరో గది అద్దెకు తీసుకుంటాడు.

ఇది మనకు కొత్త అనుభవం కాదు. 1992లో దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక పోరాటంలో దుకాణాలు మూయించింది స్త్రీలే. తర్వాతి కాలంలో గుడుంబా బట్టీల మీద దాడులు జరిగినప్పుడు ఎక్సైజువాళ్లకు చిక్కినవాళ్లలో తండాల్లో, గుడిసెల్లో పొట్టకూటికోసం బట్టీ పెట్టుకున్న ఆడవాళ్లూ ఉన్నారు. బెల్లం మోసింది, బాటలో కాపలా కాసింది వాళ్ల పిల్లలే. గుడుంబా మానినవారికి తెలంగాణ ప్రభుత్వం రెండు లక్షల రూపాయల పునరావాస సాయం పథకం పెట్టిందంటే, శిక్ష ఒక్కటే చాలదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. తెలియజేసే చట్టం అడిగేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే, మన చేతులతో మనమే పేద తల్లులను జైలుకు పంపినవాళ్లమవుతాం.

నిర్బంధంగా చెప్పితీరాలన్న చట్టాలకు రెండో ముఖం కూడా ఉంది. పోక్సో 19వ సెక్షన్‌కు భయపడి గర్భం దాల్చిన మైనరు బాలికలు డాక్టర్ల దగ్గరికి రావడం మానేసి నాటువైద్యానికి పోయే ప్రమాదముందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో గుర్తించింది. బాలికా ఆమె సంరక్షకులూ కోరితే డాక్టరు ఆమె పేరు బయటపెట్టనక్కరలేదని తీర్పు చెప్పింది. అమెరికాలో పిల్లలపై హింసను తెలియజేయాలన్న చట్టాలు 1960లలోనే అన్ని రాష్ట్రాల్లో వచ్చాయి. 1990లలో కాలిఫోర్నియాలో ఇళ్లల్లో మెథాంఫెటమైన్ వండేవారిపై దాడులకు పోలీసులతోపాటు శిశుసంక్షేమ ఉద్యోగులు కూడా వెళ్లి, పిల్లలకు వెంటనే వైద్యపరీక్షలు చేయించే పద్ధతి మొదలైంది. పిల్లలున్నచోట మాదకద్రవ్యం తయారుచేయడమే పిల్లలపై హింస అని అక్కడ చాలా రాష్ట్రాలు చట్టంలో రాసుకున్నాయి. నేర్చుకోదగ్గ విషయం. అయితే అనుమానం పేరుతో పేద, నల్లజాతి, ఆదివాసీ కుటుంబాల నుంచే ఎక్కువగా పిల్లలను విడదీశారన్న విమర్శ కూడా అక్కడినుంచే వచ్చింది. అదీ నేర్చుకోవాలి. మన దగ్గర అట్లాంటి చట్టం వస్తే అనుమానం ముందుగా ఎవరి గుడిసె మీద వాలుతుంది? బీహారు, ఒడిశాల నుంచి వచ్చిన కూలీల గదుల మీదే కదా!

అందుకే మేం కోరేది ఇది. ఒకటి, నివాసంలో మాదకద్రవ్యం పట్టుబడిన ప్రతి కేసులోనూ పిల్లలెందరు, వయసెంత, వైద్యపరీక్ష ఎప్పుడు చేయించారు, బాలల సంక్షేమ సమితికి ఎన్నిగంటలకు తెలిపారు అన్నవి పంచనామాతో పాటు రాయాలి. దీనికి పార్లమెంటు అక్కరలేదు, రాష్ట్రప్రభుత్వం ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. రెండు, బాలల న్యాయచట్టం 78వ సెక్షన్‌లో తయారీని చేర్చాలి, 2021 సవరణను వెనక్కి తీసుకోవాలి. మూడు, చెప్పితీరవలసిన బాధ్యత జీతం తీసుకుని పిల్లలను చూసేవారిపైన, డాక్టర్లపైన, ఔషధ నియంత్రణ, ఎక్సైజు, కార్మికశాఖల ఉద్యోగులపైన పెట్టాలి. తల్లులకూ ఇరుగుపొరుగుకూ జైలు బెదిరింపు వద్దు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు చెప్పిన తర్వాత వారి పేరు బయటికి పొక్కితే పొక్కించిన అధికారిపై చర్య ఉండాలి. నాలుగు, బిడ్డకోసం నోరువిప్పిన తల్లికి రక్షణ కావాలి. సాక్ష్యం చెప్పేవారికి ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం మాదకద్రవ్యాల చట్టం 64వ సెక్షన్‌లో ప్రభుత్వానికి ఉంది. దాన్ని ఈ తల్లులకోసం వాడాలి. పిల్లలను హోములో పెట్టడం చిట్టచివరి మార్గం కావాలని బాలల న్యాయచట్టం మూడో సెక్షనే చెబుతోంది.

చట్టం మారేదాకా మనమేం చేయాలి? కార్యకర్తలకు నా విన్నపం. మీరు ఇంట్లోకి చొరబడకండి, డ్రమ్ములు ముట్టకండి, ఫొటోలు తీయబోయి ప్రమాదం తెచ్చుకోకండి. బిడ్డను పదిమంది పదిసార్లు ప్రశ్నించవద్దు. చూసింది చూసినట్టు తేదీతో రాసుకోండి. పిల్లల కోసం 1098, అత్యవసరమైతే 112, తెలంగాణలో మాదకద్రవ్యాల సమాచారానికి 1908. ఈ అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి, తికమకపడకండి. రెండింటికీ ఒకేరోజు చెప్పండి. ఒకరికి చెబితే రెండోవారికి వాళ్లే చెబుతారని నమ్మవద్దు. బాలల సంక్షేమ సమితికి, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఉత్తరం రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సంస్థ పేరుతో రాస్తే ఒంటరి టీచరు మీద భారం పడదు. సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని బలవంతం చేయకూడదని మాదకద్రవ్యాల చట్టం 68వ సెక్షన్ అంటోంది. బిడ్డ పేరు, ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. దాన్ని ప్రచురించడం 74వ సెక్షన్ కింద నేరం. దాడి జరిగిన రోజే ఆ తల్లి దగ్గరికి వెళ్లండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకూ పిల్లలకూ ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. దాడులు జరిగిన ఇళ్లల్లో పిల్లలెందరు దొరికారో, సమితి ముందుకు ఎందరిని తెచ్చారో సమాచారహక్కు కింద ప్రతి జిల్లాలో అడుగుదాం. జవాబు రాకపోతే దాన్నే జవాబుగా ఈ పత్రికలో ప్రచురిస్తాం.

ఒక్కమాట మాత్రం గుర్తుంచుకోండి. ఆధారాలు సేకరించడం మన పని కాదు, అది దర్యాప్తు చేసేవారి పని. మనం చెప్పవలసింది అనుమానమే. ఆ రోజు నేను టీచరు దగ్గర ఆధారం అడిగాను. నాలుగేళ్ల పాప అరచేతులకన్నా ఇంకేం ఆధారం కావాలి? ఆ పాప ఇప్పుడు ఏ పేటలో, ఏ గోనెసంచుల కిటికీ వెనక ఉందో నాకు తెలియదు. ఇంకొక టీచరు వచ్చి అడిగితే మాత్రం "ఇంకొన్నాళ్లు చూడు" అనను. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఉత్తరం ఆ పూటే రాస్తాను.